నెల్లూరికి పోవాలా, వద్దా?

నెల్లూరు జిల్లా మెట్ట మండలాల్లో, ఉదయగిరి కొండల చుట్టుపక్కల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, 1988 నుంచి 31 ఏళ్లు ఫార్మసిస్టుగా పనిచేసి పదవీ విరమణ పొందాను. మందులిచ్చే కిటికీ వెనక నిలబడి నేను విన్న ప్రశ్నలు వేలల్లో ఉంటాయి గానీ, వాటిలో అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్నది ఒకటే: "నెల్లూరికి పోవాలామ్మా, ఈడ్నే తగ్గుద్దా?"

పట్నంలో ఉన్నవాళ్లకు ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చు. ఉదయగిరి నుంచి నెల్లూరు వంద కిలోమీటర్లకు దగ్గర; సీతారామపురం వైపు వెలిగొండల అంచున ఉన్న పల్లెలకు అది ఇంకా దూరం. రోగి ఒక్కడే పోలేడు కనుక తోడుగా ఇంకొకరు కూలి మానుకోవాలి. జీవాలు మేపేవాళ్లయితే మందను ఎవరికి అప్పగించాలో చూసుకోవాలి. పెద్దాసుపత్రిలో రేపు స్కానింగుకు రమ్మంటే ఆ రాత్రి ఎక్కడ తలదాచుకోవాలో తెలియదు. ఇన్ని లెక్కలు వేసుకున్నాక చాలామంది "ఇంకో రెండు రోజులు చూద్దాం" అనే నిర్ణయానికి వస్తారు. ఆ రెండు రోజుల్లోనే కాలిపుండు కుళ్లుతుంది, పసిబిడ్డ దగ్గు న్యుమోనియా అవుతుంది. మరోవైపు, ఇంటిదగ్గరే తగ్గిపోయే జబ్బుకు అప్పు చేసి నెల్లూరికి పోయి, రెండు మాత్రల చీటీతో తిరిగి వచ్చి, ఏడాది పొడుగునా ఆ అప్పు తీర్చిన కుటుంబాలను కూడా నేను ఎరుగుదును. అంతరిక్ష సాంకేతికతతో మారుమూల పల్లెలకు వైద్యం అందించడం అనే మాట విన్నప్పుడల్లా నాకు ముందు గుర్తుకు వచ్చేది ఈ ప్రశ్నే. ఉపగ్రహం సూది వేయలేదు, కట్టు కట్టలేదు, రక్తం ఎక్కించలేదు. పోవాలా వద్దా అన్నది తేల్చి చెప్పగలిగిన మనిషిని మాత్రం ఆ కిటికీ దగ్గరికి తెచ్చి నిలబెట్టగలదు. మా ప్రాంతానికి అన్నిటికన్నా ఎక్కువగా కరవైనది ఆ తీర్పే.

2000 తరవాతి సంవత్సరాల్లో నేను పనిచేస్తున్న ఆసుపత్రి డాబా మీద, ఉపగ్రహం ద్వారా పట్నం వైద్యులతో మాట్లాడించే ఒక పథకం కింద డిష్ అమర్చారు. దక్షిణం వైపు తలెత్తి నిలబడిన ఆ తెల్లటి డిష్‌ను చూసి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు మా కేంద్రాన్ని "గొడుగాసుపత్రి" అనడం మొదలుపెట్టారు. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహం, భూమి తన చుట్టూ తాను తిరిగే వేగంతోనే తిరుగుతుంది కాబట్టి, మనకు ఆకాశంలో ఒకేచోట నిలిచి ఉన్నట్టే ఉంటుంది. అందువల్ల డిష్‌ను ఒకసారి సరిగ్గా గురి పెడితే మళ్లీ కదిలించవలసిన పని లేదు. మా గదిలోని మాట పైకి పోయి, ఉపగ్రహాన్ని తాకి, దిగివచ్చి పట్నంలోని వైద్యుని చెవిన పడటానికి దాదాపు పావు సెకను పడుతుంది. ఆయన సమాధానం తిరిగి రావడానికి ఇంకో పావు సెకను.

ఈ అర సెకను సంగతి కొంచెం చెప్పాలి. డాక్టరుగారు "నొప్పి ఎప్పటి నుంచి?" అని అడుగుతారు. మా పెద్దవాళ్లు ఆలోచించుకుని, ఊపిరి తీసుకుని చెప్పడం మొదలుపెట్టే సరికి, తన మాట వినపడలేదేమోనని ఆయన మళ్లీ అడుగుతారు. ఇద్దరి మాటలూ గాలిలో ఢీకొంటాయి. రోగి బెదిరిపోయి నోరు మూసుకుంటాడు. ఆ తరవాత ఏమడిగినా "బాగానే ఉండాది సార్" అనే అంటాడు. దీనికి మేమే ఒక పద్ధతి ఏర్పరచుకున్నాం. నేను రోగి పక్కన కూర్చుని, డాక్టరుగారి మాట పూర్తి అయ్యాక రోగి భుజం మీద చెయ్యి వేసేదాన్ని. అది "ఇప్పుడు చెప్పు" అనడానికి గుర్తు. రోగి చెప్పడం ముగించాక కెమెరా వైపు నా చెయ్యి ఎత్తేదాన్ని. యంత్రాలతో పాటు వచ్చిన పుస్తకంలో ఈ సంగతి లేదు. అయినా ఆ గదిలో జరిగిన మంచి అంతా ఈ చిన్న ఏర్పాటు మీదనే నడిచిందని నాకు అనిపిస్తుంది.

ఒక ఫిబ్రవరి తెల్లవారుజామున పొగాకును సెగతో ఎండబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మంట చూసే మనిషిని ఆటోలో తీసుకొచ్చారు. యాభై ఏళ్లుంటాయి. సెగ తగిలి కళ్లు తిరిగాయనీ, కడుపులో గ్యాస్ పట్టిందనీ ఆయన భార్య చెప్పింది. చెమటతో చొక్కా తడిసిపోయింది, దవడ లాగుతున్నదన్నాడు. సెగ దగ్గర నిలబడ్డవాడికి చెమట పట్టడంలో వింత ఏముందని మాకూ తోచేదే. అయినా మా స్టాఫ్ నర్సు ఊరుకోకుండా ఈసీజీ తీసింది. ఆ వేళ అటువైపు రాత్రి డ్యూటీలో ఉన్న వైద్యుడు దాన్ని చూసి, అది గుండెపోటేనని తేల్చి, ఆస్పిరిన్ మాత్ర నమిలించి వెంటనే బయలుదేరదీయమన్నారు. 108 వాహనం వచ్చే లోపల ఆయన భార్య నన్ను అడిగింది అదే ప్రశ్న: "నెల్లూరికి పోవాల్సిందేనా అక్కా?" నా సర్వీసులో మొదటిసారి ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగాను, ఎందుకంటే అది నా జవాబు కాదు. ఆయన బతికాడు. ఇప్పటికీ మా ఊరి సంతలో కనబడితే నిలబడి మాట్లాడతాడు.

ఇలాంటి కథలు చెప్పుకోవడానికి బాగుంటాయి కానీ, ఆ గది విలువ ఎక్కువగా ఇటువంటి తెల్లవారుజాముల్లో లేదు. మేము నెల్లూరికి పంపినవాళ్ల కన్నా, పోనవసరం లేదని చెప్పి ఇంటికి పంపినవాళ్లే చాలా ఎక్కువ. ఒంటి నిండా పొక్కులతో ఉన్న బిడ్డను ఎత్తుకుని, అమ్మవారు పోసిందో విషపురుగు కుట్టిందో తెలియక వణికిపోతూ వచ్చిన తల్లికి, చర్మవైద్యుడు తెర మీద చూసి "ఇది గజ్జి, ఇంట్లో అందరూ ఒకే రాత్రి మందు రాసుకోండి, దుప్పట్లు ఉడకబెట్టండి" అని చెప్పినప్పుడు ఆమెకు మిగిలింది బస్సు చార్జీ ఒక్కటే కాదు. ఆ రాత్రి ఆమె నిద్రపోయి ఉంటుంది. వైద్యసేవల లెక్కల్లో ఎంతమందిని పెద్దాసుపత్రికి చేర్చారన్నది రాస్తారు. ఎంతమందికి ప్రయాణం తప్పించారన్న గడి నేను నింపిన ఏ రిజిస్టరులోనూ లేదు.

తరవాత ఈ విషయం మీద చదవడం మొదలుపెట్టాక, మాకు తెలిసివచ్చినది ఇతరులకు ఎప్పుడో తెలిసిందని గ్రహించాను. అమెరికాలోని అలాస్కాలో మంచు పల్లెలకు దారులు లేవు. పల్లెకొకరు చొప్పున ఆరోగ్య సహాయకులు ఉండేవారు గానీ వాళ్లకు దిక్కు షార్ట్‌వేవ్ రేడియో ఒక్కటే, ధ్రువకాంతులు చెలరేగినప్పుడు అదీ మూగబోయేది. 1971లో ఏటీఎస్-1 అనే ఉపగ్రహం ద్వారా 26 చోట్లను వైద్యులతో కలిపారు. బొమ్మ లేదు, ఈసీజీ లేదు, కేవలం మాట. ఆ మాట నిర్ణీత వేళకు నమ్మకంగా అందడమే అక్కడ వైద్యాన్ని మార్చింది. దాదాపు అదే కాలంలో అరిజోనాలోని పపాగో ఆదివాసుల ప్రాంతంలో, వ్యోమగాముల ఆరోగ్యాన్ని భూమి మీద నుంచి గమనించడానికి పెంపొందించిన పద్ధతులను నాసా పల్లె వైద్యానికి వాడి చూసింది. అక్కడ ఊరూరా తిరిగిన వైద్య వాహనాన్ని నడిపి, పరీక్షలు చేసి, సూక్ష్మతరంగాల ద్వారా దూరాన ఉన్న డాక్టరుకు చూపించింది శిక్షణ పొందిన పపాగోవాళ్లే. రోగి మాట తెలిసిన మనిషి పక్కన ఉండాలన్నది ఆ పథకం వాళ్లు మొదట్లోనే గుర్తించారు. రోగి భుజం మీద చెయ్యి వేసే మనిషి అక్కడా ఉన్నదని చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను.

మన దేశానికీ ఈ దారి కొత్తది కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు, అమెరికా నుంచి అరువు తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టెలివిజన్ కార్యక్రమాలు పంపారు. ఆంధ్రప్రదేశ్ అందులో ఒకటి, ఆరోగ్యం, పరిశుభ్రత ఆ పాఠాల్లో ముఖ్యమైనవి. మన పొరుగున చిత్తూరు జిల్లా అరగొండలో ఉపగ్రహంతో నడిచే టెలిమెడిసిన్ (దూరవైద్య) కేంద్రాన్ని, 2000 మార్చిలో భారత పర్యటనకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. 2001 నుంచి ఇస్రో దీన్ని ఒక కార్యక్రమంగా చేపట్టి అండమాన్, లక్షద్వీప్, లడఖ్, ఈశాన్య రాష్ట్రాల ఆసుపత్రులను పెద్ద ఆసుపత్రులతో కలుపుతూ వచ్చింది. 2011 జూలై 15న పీఎస్ఎల్‌వీ-సీ17 మోసుకుపోయిన జీశాట్-12 ఉద్దేశాల్లో దూరవిద్యతో పాటు దూరవైద్యం కూడా ఉంది. ఆ రాకెట్టు లేచింది మా జిల్లా నేల మీది నుంచే. శ్రీహరికోట అప్పటికి నెల్లూరు జిల్లాలో ఉండేది. మా వాళ్లు ఇప్పటికీ దాన్ని "షార్" అనే పిలుస్తారు.

ఆ షార్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట దీవిలోని పల్లెలు ఖాళీ అయినప్పుడు, ఆ అడవిలో తరతరాలుగా బతికిన యానాదులు కూడా చోటు మారవలసివచ్చింది. ఒకసారి ఆరోగ్య శిబిరానికి పులికాట్‌లోని ఇరకం దీవికి వెళ్లాను. భీములవారిపాళెం రేవు నుంచి పడవలో పోవాలి, వేరే దారి లేదు. నెలలు నిండే సమయానికి ఆడవాళ్లను ముందుగానే ఒడ్డున ఉన్న చుట్టాల ఇంటికి చేరుస్తామనీ, గాలి ఎక్కువగా ఉన్న రాత్రి పడవ కదలదనీ అక్కడ ఒక పెద్దావిడ చెప్పింది. రాకెట్టు లేచినప్పుడు ఆ దీవిలో ఇంటి ముందు నిలబడితే ఆ వెలుగు ముఖాల మీద పడేంత దగ్గర. ఏ ఊరు ఈ ప్రయోగాలకు తన నేలను, తన నీళ్లను ఇచ్చిందో, ఆ ఊరికి వాటి మేలు మొదట అందాలన్నది నా అభిప్రాయం. ఇది దయతో చేసే పని కాదు, చెల్లించవలసిన బాకీ.

మా "గొడుగాసుపత్రి" ఎక్కువ కాలం నడవలేదు. ఎందుకు ఆగిపోయిందో నేను కళ్లారా చూశాను కనుక రాస్తున్నాను. ఉపగ్రహానికి ఏమీ కాలేదు. ముందు యూపీఎస్ బ్యాటరీలు చచ్చిపోయాయి. కొత్తవి కొనడానికి డబ్బు ఏ పద్దు కింద రావాలో తేలలేదు, కరెంటు పోయినప్పుడల్లా మాట మధ్యలో తెగిపోయేది. ఈసీజీ తీయడంలో ఆరితేరిన స్టాఫ్ నర్సుకు బదిలీ అయింది, ఆమె స్థానంలో వచ్చినవారికి ఎవరూ నేర్పలేదు. అటువైపు స్పెషలిస్టులు తమ ఓపీ చూసుకుంటూనే మధ్యలో మాకోసం రావలసివచ్చేది. ఆ శ్రమకు వాళ్ల డ్యూటీ చార్టులో చోటు లేదు కాబట్టి, పదకొండు గంటలకని చెప్పిన సమయం మధ్యాహ్నం రెండయ్యేది. రెండింటి బస్సు పోతే మా రోగులకు మళ్లీ సాయంత్రమే. నాలుగుసార్లు అలా కూర్చుని తిరిగిపోయిన మనిషి అయిదోసారి రాడు. చివరికి ఆ గదిలో బ్లీచింగ్ పౌడరు బస్తాలు పెట్టాం. వాటి తాళం చెవి నా దగ్గరే ఉండేది. ఆ తలుపు తీసిన ప్రతిసారీ నాకు కష్టంగా ఉండేది.

ఇప్పుడు పరిస్థితి చాలా మారింది. 2019 నవంబరులో ఈ-సంజీవని మొదలైనప్పుడు, గ్రామ ఆరోగ్య కేంద్రాలను వైద్యుల హబ్‌లతో కలిపే ఆ సేవను అన్ని రాష్ట్రాల కన్నా ముందు అమలు చేసింది ఆంధ్రప్రదేశే. 2020 మార్చిలో కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు విడుదల చేసి, వైద్యుడు రోగిని నేరుగా చూడకుండా ఏ మందులు రాయవచ్చో, ఏవి రాయకూడదో స్పష్టంగా చెప్పింది. ఫార్మసిస్టుగా నేను ఎన్నో ఏళ్లు కోరుకున్న స్పష్టత అది. 2023 ఫిబ్రవరి నాటికి దేశం మొత్తం మీద ఈ-సంజీవని సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. ఇదంతా చాలావరకు కేబుళ్ల మీద, సెల్ టవర్ల మీద నడుస్తున్నదే. అలాంటప్పుడు ఉపగ్రహంతో ఇక పని లేదని నాతో వాదించినవాళ్లు ఉన్నారు.

వాళ్లకు నేను చెప్పేది 1989 సంగతి. ఆ ఏడాది నవంబరులో కావలి దగ్గర తుపాను తీరం దాటినప్పుడు, ఉద్యోగంలో చేరి ఏడాది అయిన నన్ను తీరప్రాంత శిబిరానికి పంపారు. స్తంభాలు పడిపోయి, తీగలు తెగి, ఏ ఊళ్లో ఎన్ని విరేచనాల కేసులున్నాయో పక్క ఊరివాళ్లకు కూడా తెలియని రోజులవి. క్లోరిన్ మాత్రలు ఎక్కడ అయిపోయాయో కబురు తేవడానికి మనిషి బురదలో నడిచి రావలసివచ్చేది. ఇప్పుడు తీగల స్థానంలో టవర్లు వచ్చాయి, కానీ టవరు కూడా గాలికి ఒరుగుతుంది, దాని డీజిలూ అయిపోతుంది. నేల మీద ఉన్నదంతా దెబ్బతిన్న రోజున పైన ఉన్నది మాత్రం చెక్కుచెదరదు. అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది: కేయూ బ్యాండ్ అనే ఎక్కువ పౌనఃపున్యపు తరంగాలకు చిన్న డిష్ సరిపోతుంది గానీ జోరువానలో వాటి బలం తగ్గిపోతుంది, సీ బ్యాండ్ తరంగాలు వానను బాగా తట్టుకుంటాయి గానీ వాటికి పెద్ద డిష్ కావాలి. తుపాను తీరానికి ఏది పెట్టాలన్నది టెండరులో ధర చూసి కాక ఈ లెక్క చూసి తేల్చాలి.

ఇక తుపానుతో పని లేకుండానే టవరు అందని చోట్లు ఉన్నాయి. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి అంచున, నల్లమలలో, యర్రగొండపాలెం మండలం పాలుట్ల లాంటి చెంచు గూడేలకు అడవి దారిన పోవడమే గంటల పని. అక్కడి మనిషి అడిగే ప్రశ్న కూడా ఇదే, ఊరి పేరు ఒక్కటే తేడా: ఒంగోలుకు పోవాలా, వద్దా? అటువంటి గూడెంలో సౌరఫలకంతో నడిచే ఒక చిన్న డిష్, దాన్ని వాడటం తెలిసిన ఒక చెంచు అమ్మాయి ఉంటే చాలు. ఈ రెండింటిలో దేనికి ముందు డబ్బు పెట్టాలని నన్ను అడిగితే ఆ అమ్మాయికే అంటాను.

ఉపగ్రహం వైద్యానికి చేసే మేలు మాటలు మోయడంతో ఆగదు. దేశంలో ఫ్లోరోసిస్‌ను శాస్త్రీయంగా మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే; ఆ పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు 1970లో కొత్తగా ఏర్పడిన జిల్లాలోకి, అంటే ఆ తరవాత ప్రకాశం అనే పేరు వచ్చిన జిల్లాలోకి పోయాయి. వంగిపోయిన నడుములకు, గారపట్టిన పళ్లకు మా ఔషధాలయంలో మందు లేదు, ఎక్కడా లేదు, మంచినీళ్లే మందు. రాతి పొరల్లోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీటిలోకి దిగుతుంది, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ఉపగ్రహ చిత్రాల్లో భూమి పగుళ్ల రేఖలను, పాత వాగుల జాడలను గుర్తించి, ఎక్కడ నీరు పడే అవకాశం ఉందో చూపే పటాలను జాతీయ తాగునీటి పథకం కోసం ఇస్రో తయారుచేసింది. ఆ పటం ఎక్కడ తవ్వి చూడాలో చెబుతుంది. ఆ నీళ్లలో ఫ్లోరైడు ఎంతుందో మాత్రం చెప్పలేదు. సీసాలో నీళ్లు పట్టి, పరీక్షకు తీసుకుపోయే మనిషి ఇక్కడా కావాలి. నా బంధువుల ఊళ్లో పరీక్ష చేయించకుండానే తాగునీటికి వేసిన ఒక బోరు నీళ్లు పిల్లలు ఆరేళ్లు తాగిన తరవాత, వాళ్ల పళ్లు చూసిన టీచరమ్మకు అనుమానం వచ్చింది. ఆ ఆరేళ్లను తిరిగి తేలేము.

మొన్న మా పెద్దమ్మ మనవరాలు పనిచేసే విలేజ్ హెల్త్ క్లినిక్‌కు వెళ్లి ఒక పూట కూర్చున్నాను. నర్సింగ్ చదివి అక్కడ చేరి రెండేళ్లయింది. పన్నెండు కావస్తుండగా ఒక గొర్రెల కాపరి వచ్చాడు. అరికాలి పుండుకు గుడ్డ చుట్టుకుని ఉన్నాడు, షుగరు ఉందని తెలుసు, మాత్రలు మానేసి నెల దాటింది. గుమ్మంలోనే నిలబడి, "నెల్లూరికి పోవాలామ్మా?" అన్నాడు. నేను పాత అలవాటు కొద్దీ నోరు తెరవబోయి ఆగిపోయాను. ఆ పిల్ల ఆయన్ను బల్ల మీద కూర్చోబెట్టి, "అడుగుదాం ఉండు పెద్దాయనా" అంటూ, ఫోను తియ్యకముందే గుడ్డ విప్పి, పుండు కొలిచి, పాదం మీద రెండు చోట్ల వేలు ఆనించి నాడి చూసి, షుగరు పరీక్ష చేసి, నాలుగు అంకెలు కాగితం మీద రాసుకుంది. "ముందు ఇవే అడుగుతారు పిన్నీ" అని నాతో చెప్పి, డాక్టరుకు కలిపింది. తెర మీద ఆయన ముఖం కనబడి మాట వినవచ్చే లోపల, ఆమె ఎడమ చెయ్యి ఆ పెద్దాయన భుజం మీదికి వెళ్లింది. నేను నేర్పలేదు.